ఎర్ర మూత్రం వేరు – పచ్చ కళ్లు వేరు

మనం మందు మింగుతాం. నోట్లో వేసుకుని నీళ్లు తాగుతాం. మందు కడుపులోకి పోతుంది. ఆ తరువాత ఎక్కడికి పోతుంది? ఏమవుతుంది? ఎప్పుడైనా ఆలోచించారా?

మందు నెత్తురులో కలుస్తుంది. ఒళ్లంతా తిరుగుతుంది. రోగం ఉన్నచోట పని చేస్తుంది. పని అయ్యాక అది ఒంట్లో ఉండిపోకూడదు. బయటికి పోవాలి. దాన్ని బయటికి పంపేవి ముఖ్యంగా రెండు. ఒకటి కాలేయం. దీన్నే లివరు అంటాం. రెండోది మూత్రపిండాలు. వీటినే కిడ్నీలు అంటాం.

కొన్ని మందులు కొందరిలో ఈ కాలేయాన్నీ, కిడ్నీలనూ దెబ్బ తీస్తాయి. అందుకని మందులు మానేయాలా? మానేస్తే రోగం ముదురుతుంది. మరి ఏం చేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కాలేయం చేసే పని

కాలేయం పొట్టలో కుడివైపున ఉంటుంది. పక్కటెముకల కింద దాగి ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు దాదాపు కిలోన్నర.

మనం తిన్న తిండిలోని సారం ముందుగా కాలేయానికే చేరుతుంది. మింగిన మందూ అక్కడికే పోతుంది. కాలేయం ఆ మందును విడగొడుతుంది. బయటికి పంపడానికి వీలుగా మారుస్తుంది.

మన నెత్తురులో పాత కణాలు రోజూ చనిపోతుంటాయి. వాటి నుంచి ఒక పసుపు రంగు పదార్థం పుడుతుంది. దాన్ని కూడా కాలేయమే బయటికి పంపుతుంది. కాలేయం దెబ్బతింటే ఆ పసుపు నెత్తురులో పేరుకుపోతుంది. కళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. వీటినే మనం పచ్చకామెర్లు అంటాం.

కిడ్నీలు చేసే పని

కిడ్నీలు రెండు. వీపు వైపున, వెన్నెముకకు అటొకటి ఇటొకటి ఉంటాయి. చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి. ఒక్కొక్కటి పిడికిలంత ఉంటుంది.

చేటతో బియ్యం చెరగడం మీకు తెలుసు. గింజలు చేటలో ఉంటాయి. పొట్టు బయటికి పోతుంది. కిడ్నీలూ అలాంటి పనే చేస్తాయి. నెత్తురు నుంచి రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని వడకడతాయి. పనికొచ్చేదాన్ని మళ్లీ నెత్తురులోకి పంపేస్తాయి. మిగిలిన మలినం లీటరు నుంచి రెండు లీటర్ల మూత్రంగా బయటికి పోతుంది. మందుల మిగులు కూడా ఆ మూత్రంతోనే పోతుంది.

యాంటీబయాటిక్ అంటే?

కంటికి కనిపించని సూక్ష్మజీవుల వల్ల చాలా రోగాలు వస్తాయి. వాటిలో బాక్టీరియా ఒక రకం. బాక్టీరియాను చంపే మందులే యాంటీబయాటిక్ మందులు. టీబీ, టైఫాయిడ్, న్యుమోనియా లాంటి రోగాలు వీటితో నయమవుతాయి.

ఒకప్పుడు టీబీ వస్తే సరైన మందే లేదు. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. టీబీని తగ్గించిన మొదటి యాంటీబయాటిక్ అదే. 1948లో ఆరియోమైసిన్ అనే మరో మందు వచ్చింది. దాన్ని తయారు చేసిన పరిశోధన శాలకు పెద్ద మన తెలుగువాడే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టాడు. ఇలాంటి మందులు కోట్లమంది ప్రాణాలు కాపాడాయి.

అయితే జలుబు, మామూలు ఫ్లూ జ్వరం వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పని చేయదు. పని చేయని మందును మింగితే లాభం లేదు. కాలేయానికీ, కిడ్నీలకూ పని మాత్రం తప్పదు.

టీబీ మందులు – కాలేయం

టీబీకి వైద్యం మామూలుగా ఆరు నెలలు. మందులు రోజూ వేసుకోవాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు ఇస్తారు. వాటి పేర్లు ఇవి. ఐసోనియాజిడ్. రిఫాంపిసిన్. పైరజినమైడ్. ఇథాంబుటాల్. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ ఉండదు. మిగతా మూడూ ఉంటాయి. మనిషి బరువును బట్టి ఎన్ని మాత్రలు వేసుకోవాలో చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మందులు ఉచితం.

ఈ నాలుగింటిలో మొదటి మూడు కాలేయం మీద భారం వేస్తాయి. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం కాలేయం వాస్తుంది. అది ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే జరుగుతుంది. ఇథాంబుటాల్ కాలేయానికి పెద్దగా కీడు చేయదు. కానీ దానివల్ల కొందరికి చూపు మందగిస్తుంది. ఎరుపు, పచ్చ రంగులు సరిగా తెలియవు. అప్పుడు వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఒక ఇంటి ముచ్చట

ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్లో ఒక కూలీ. వయసు నలభై ఏళ్లు. దగ్గు రెండు వారాలు దాటినా తగ్గలేదు. కళ్లె పరీక్ష చేశారు. టీబీ అని తేలింది. మందులు మొదలుపెట్టారు. రెండో రోజు ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్లింది. అతను మాత్రలను చూరులో దోపేసి, మంచం మీద కూర్చున్నాడు.

"ఏం అన్నయ్యా, ఇవాళ మాత్రలు వేసుకున్నావా?"

"నాకొద్దు చెల్లెమ్మా. నిన్న పొద్దున మింగానా? మధ్యాహ్నానికల్లా మూత్రం ఎర్రగా వచ్చింది. నెత్తురు పడుతోంది. నా కిడ్నీలు పోయినట్టే."

"అది నెత్తురు కాదు అన్నయ్యా. అందులో రిఫాంపిసిన్ అనే మందు ఉంది. ఆ మందు రంగే ఎరుపు. ఆ రంగే మూత్రంలో పోతుంది. చెమటకూ, కన్నీళ్లకూ కూడా ఆ రంగు రావచ్చు. దానివల్ల ఏ కీడూ లేదు."

"ఎన్నాళ్లు ఇలా?"

"ఆ మందు వేసుకున్నన్నాళ్లు. మందు అయిపోతే రంగూ పోతుంది."

"ఈ మాట ముందే తెలిస్తే ఇంత భయం ఉండేది కాదు" అంది అతని భార్య.

"నిజమే వదినా. మొదటి మాత్ర మింగకముందే ఇంట్లో అందరికీ తెలియాల్సిన మాట ఇది."

అతను చూరులోంచి మాత్రలు తీశాడు. ఆ రోజు నుంచీ రోజూ వేసుకున్నాడు.

నాలుగు వారాలు గడిచాయి. దగ్గు తగ్గింది. అయిదో వారంలో అతనికి ఆకలి పోయింది. అన్నం చూస్తేనే వికారం. రెండు రోజులుగా వాంతులు. తల్లి చూసి, "వేడి చేసిందిరా. పక్క ఊళ్లో కామెర్లకు పసరు పోస్తారు. రేపు పోదాం" అంది. అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది.

"వదినా, అన్నయ్యను వాకిట్లోకి తీసుకురా. ఎండ వెలుగులో చూద్దాం."

కింది రెప్ప లాగి చూసింది. తెల్లగా ఉండాల్సిన కన్ను పసుపు రంగులో ఉంది.

"మూత్రం ఏ రంగులో వస్తోంది అన్నయ్యా?"

"మొదట్లో నారింజ రంగులో ఉండేది. మూడు రోజులుగా కాఫీ డికాషన్ లాగా నల్లగా వస్తోంది."

"కల్లు గానీ, సారా గానీ తాగుతున్నావా?"

అతను తల వంచుకున్నాడు. భార్య చెప్పింది. "సాయంత్రం కల్లు మానలేదమ్మా. ఒళ్లు నొప్పులని నొప్పి మాత్రలు కూడా కొట్లో కొనుక్కుని వేసుకుంటున్నాడు."

"వదినా, ఇవాళ టీబీ మాత్రలు వేయవద్దు. ఉన్న మందులన్నీ సంచిలో పెట్టు. నొప్పి మాత్రల పట్టీ కూడా పెట్టు. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

తల్లి అడ్డుపడింది. "ఒక్క రోజు కూడా మానకూడదని నువ్వే చెప్పావు. ఇప్పుడు నువ్వే వేయొద్దంటున్నావు. ఏ మాట నమ్మాలమ్మా?"

"రెండూ నమ్మాలి పెద్దమ్మా. మామూలుగా ఒక్క రోజు కూడా మానకూడదు. కళ్లు పచ్చబడితే మాత్రం ఆపాలి. ఆపి ఇంట్లో కూర్చోకూడదు. ఆపి, అదే రోజు డాక్టరుకు చూపించాలి."

"మరి పసరు?"

"వద్దు పెద్దమ్మా. కాలేయం ఇప్పటికే దెబ్బతిని ఉంది. పసరులో ఏం ఉందో మనకు తెలియదు. దాన్ని విడగొట్టే పని కూడా ఆ కాలేయం మీదే పడుతుంది. వాతలు పెడితే ఒళ్లు కాలుతుంది తప్ప, కామెర్లు పోవు."

ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేశారు. కాలేయం వాచిందని తేలింది. డాక్టరు టీబీ మందులు ఆపించాడు. కల్లు పూర్తిగా మానమన్నాడు. నొప్పి మాత్రలూ ఆపించాడు. మళ్లీ మళ్లీ నెత్తురు పరీక్ష చేశారు. కాలేయం కుదుటపడింది. అప్పుడు మందులను ఒక్కసారిగా ఇవ్వలేదు. ముందు ఒకటి. కొన్ని రోజులు చూసి మరొకటి. అలా ఒక్కొక్కటే మొదలుపెట్టారు. పైరజినమైడ్ మళ్లీ ఇవ్వలేదు. దానికి బదులు వైద్యం కాలం పెంచారు. అతను చివరి మాత్ర దాకా వేసుకున్నాడు. టీబీ నయమైంది. కాలేయమూ నిలిచింది.

ఆ రోజు పసరుకు పోయి ఉంటే? టీబీ మాత్రలు, కల్లు అలాగే సాగి ఉంటే? కాలేయం పూర్తిగా పాడైపోయేది. ప్రాణమే పోయి ఉండేది. లేదా భయపడి మందులు శాశ్వతంగా మానేసి ఉంటే? టీబీ తిరగబెట్టేది. ఇంట్లో వాళ్లకూ అంటుకునేది.

చిన్న ఇబ్బంది, పెద్ద ప్రమాదం

టీబీ మందులతో కొందరికి కడుపులో కొంచెం తిప్పినట్టు ఉంటుంది. కీళ్లు నొప్పిగా ఉంటాయి. అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇవి చిన్న ఇబ్బందులు. మందు ఆపవద్దు. ఆశా కార్యకర్తకో, నర్సుకో, డాక్టరుకో చెప్పండి. వాటికి మందులు ఉన్నాయి.

కానీ ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

కళ్లు పచ్చబడటం.
మూత్రం కాఫీ డికాషన్ రంగులో రావడం.
ఆకలి పూర్తిగా పోవడం, వాంతులు ఆగకపోవడం.
కుడివైపు పక్కటెముకల కింద నొప్పి.
మనిషి మత్తుగా ఉండటం, మాట తడబడటం.

ఇవి కాలేయం పెట్టే కేకలు. మందు ఆపి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

ఆపి ఆపి మింగితే ఇంకో ముప్పు

కొందరు నాలుగు రోజులు మింగుతారు. వారం మానేస్తారు. మళ్లీ మొదలుపెడతారు. ఇలా చేస్తే రెండు నష్టాలు.

ఒకటి, టీబీ సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. అప్పుడు వేరే మందులు వాడాలి. వాటితో ఇబ్బందులు కూడా ఎక్కువ.

రెండోది చాలామందికి తెలియదు. రిఫాంపిసిన్ మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు, కొందరి ఒళ్లు ఆ మందు మీద తిరగబడుతుంది. చలిజ్వరం వస్తుంది. మూత్రం తగ్గిపోతుంది. కిడ్నీలు ఉన్నట్టుండి పని మానేయవచ్చు. కాబట్టి మధ్యలో మందు ఆగిపోయినవారు సొంతంగా మళ్లీ మొదలుపెట్టకూడదు. డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

సూదులు – కిడ్నీలు

"ఒక సూది వేయండి డాక్టరుగారూ, తొందరగా తగ్గాలి." ఈ మాట మన ఊళ్లల్లో తరచుగా వింటాం. సూది గొప్ప, మాత్ర తక్కువ అనుకుంటాం. అది నిజం కాదు.

జెంటామైసిన్, అమికాసిన్ అనే సూది మందులు ఉన్నాయి. ఇవీ యాంటీబయాటిక్ మందులే. పెద్ద రోగాలకు ఆసుపత్రిలో వాడతారు. అప్పుడు ఇవి ప్రాణం కాపాడతాయి. కానీ ఇవి దాదాపు పూర్తిగా కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. మోతాదు మించినా, ఎక్కువ రోజులు వేసినా కిడ్నీలు దెబ్బతింటాయి. చెవులకు కూడా ముప్పు ఉంది. అందుకే ఇవి వాడేటప్పుడు డాక్టర్లు నెత్తురులో క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీలు సరిగా వడకట్టడం లేదని అర్థం.

ఈ గుర్తులు చూడండి.

మూత్రం బాగా తగ్గిపోవడం.
కాళ్లు, ముఖం వాయడం.
ఆయాసం రావడం.
చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, తల తిరగడం.

వెంటనే డాక్టరుకు చెప్పాలి. సరైన సమయంలో మందు ఆపితే కిడ్నీలు చాలాసార్లు కోలుకుంటాయి. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాకపోవచ్చు.

ఈ సూదులతో పాటు నొప్పి మాత్రలు వేసుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. విరేచనాలు అయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా అంతే.

మందు అయిపోయాక కూడా

ఎమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిపిన మాత్ర ఒకటి ఉంది. గొంతు, ఊపిరితిత్తుల చీము రోగాలకు దీన్ని ఎక్కువగా రాస్తారు. దీనివల్ల అరుదుగా కొందరికి కామెర్లు వస్తాయి. విచిత్రం ఏమంటే, మందు అయిపోయిన కొన్ని వారాలకు కూడా రావచ్చు. కాబట్టి కామెర్లు వస్తే ఇప్పుడు వేసుకుంటున్న మందులే కాదు, గత రెండు నెలల్లో వేసుకున్న మందులు కూడా డాక్టరుకు చెప్పాలి.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

వయసు మళ్లినవారు. కల్లు, సారా, బ్రాందీ తాగేవారు. సరైన తిండి లేక చిక్కిపోయినవారు. ఇంతకుముందు కామెర్లు వచ్చినవారు. షుగరు, బీపీ ఉన్నవారు. గర్భిణులు. కిడ్నీ జబ్బు ఉన్నవారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా చాలామందికి కిడ్నీ జబ్బు ఉంది. అలాంటి చోట ప్రతి ఒక్కరూ ఈ మాట గుర్తుంచుకోవాలి. ఏ రోగానికి పోయినా, "నాకు కిడ్నీ జబ్బు ఉంది" అని ముందే డాక్టరుకు చెప్పాలి. అప్పుడు డాక్టరు మందు మోతాదు తగ్గిస్తాడు. లేదా వేరే మందు రాస్తాడు.

టీబీ ఉన్నవారికి మందు ఎంత ముఖ్యమో తిండీ అంతే ముఖ్యం. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు తినాలి. దీనికోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేసింది. మీకు రాకపోతే అడగండి. అది మీ హక్కు.

మీకు చదువు వచ్చింది – మందు పట్టీ చూడండి

మందు పట్టీ వెనక అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అయినా అంకెలు మీకు తెలుసు. అందులో రెండు తేదీలు ఉంటాయి. మొదటిది మందు తయారైన నెల, ఏడు. రెండోది గడువు. గడువు దాటిన మందు వాడకూడదు. పూర్వం గడువు దాటి పాడైన టెట్రాసైక్లిన్ మందు మింగినవారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ సంగతిని డాక్టర్లు 1963లో బయటపెట్టారు.

పట్టీ మీద ఎర్ర గీత ఉందేమో చూడండి. ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు. పక్కింటివారికి పనిచేసిందని మనం వేసుకోకూడదు. మనకు మిగిలింది వాళ్లకు ఇవ్వకూడదు.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ మందు, ఏ తేదీన మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారు – రాసుకోండి. ఆసుపత్రికి పోయినప్పుడు ఆ పుస్తకం చూపించండి. టీబీ గురించి అడగాలంటే 1800-11-6666 నంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు.

గుర్తు పెట్టుకుందాం

1. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబడితే భయం లేదు. మందు మానవద్దు.
2. కళ్లు పచ్చబడితే భయం ఉంది. మందు ఆపి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.
3. ఆపిన మందును సొంతంగా మళ్లీ మొదలుపెట్టకూడదు.
4. మందు వాడే రోజుల్లో కల్లు, సారా ముట్టకూడదు.
5. డాక్టరు రాయని యాంటీబయాటిక్ వేసుకోకూడదు. సూది కోసం పట్టుబట్టకూడదు.

చెప్పండి, రాయండి

1. కాలేయం ఎక్కడ ఉంటుంది? కిడ్నీలు ఎక్కడ ఉంటాయి?
2. టీబీ వైద్యం మామూలుగా ________ నెలలు.
3. క్రియాటినిన్ పరీక్ష ________ పని చెబుతుంది.
4. "ఏ మాట నమ్మాలమ్మా?" అని తల్లి ఎందుకు అడిగింది? ఆశా కార్యకర్త ఏమని చెప్పింది?
5. మీ ఇంట్లో ఉన్న మందు పట్టీలు తీయండి. గడువు తేదీలు చదవండి. ఎన్నిటికి గడువు దాటింది? నోటు పుస్తకంలో రాయండి.